మ పక్కన సందు

ముప్పై ఏళ్ళుగా ఒకే ప్రెస్సులో అక్షరాలు కూర్చుతున్నందుకు ఆమెను అందరూ కంపోజిటరమ్మ అనేవారు. కరపత్రాలు, పరీక్ష పేపర్లు, డాక్టర్ల మందు చీటీలు, ఎవరో రిటైరైన పెద్దాయన సొంతంగా అచ్చు వేయించుకునే పద్యాల పుస్తకం, ఏదొచ్చినా ఆమె వేళ్ళ కింది నుంచే వెళ్ళాలి. సొంత పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. చివరిదాకా అలా పిలిచినవాడు భర్త. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

ఆయనదీ అక్షరాల పనే. కాకపోతే కుంచెతో. దుకాణాల మీద, బళ్ళ మీద, లారీల వెనక ఆయన రాసిన బోర్డులు ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టేవారు. పేరు కూడా బోర్డులాయనే. ఫ్లెక్సులు వచ్చాక కుంచెకు పని పోయింది. కొన్నాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుని, ఒకరోజు భార్య పక్కన స్టూలు లాక్కుని, "ఆ మౌసు ఎట్టా పట్టుకోవాలో నాకూ చెప్పు" అన్నాడు. అప్పటికి ఆయనకు నలభై ఆరు. ఆ తర్వాత నాలుగేళ్ళు ముందు గదిలో పాత కంప్యూటరు ముందు కూర్చుని, తన కుంచె రాతను ఒక్కో అక్షరంగా అందులోకి దించాడు. అక్షరాలు గీసే ప్రోగ్రాం ఒకటి ఎవరి దగ్గరో సంపాదించాడు. దాన్ని చేసిన కంపెనీ అప్పటికే మూతపడింది. అది నడవాలంటే పాత రకం విండోసే కావాలి. పైగా ఒక లాక్ ఉండేది. అగ్గిపెట్టంత బూడిదరంగు ముక్క. కంప్యూటరు వెనక ప్రింటరు వైరు పెట్టే చోట దాన్ని బిగిస్తేనే ప్రోగ్రాం తెరుచుకునేది. ఆ అక్షరాలను ఇంకే ప్రోగ్రాములో తెరిచినా చీమలు పాకినట్టు గీతలూ చుక్కలూ కనిపించేవి.

ఒక మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చినవాడు లేవలేదు. అక్షరాలు కొన్ని మిగిలిపోయాయి. నాలుగేళ్ళ కిందట ఆ కంప్యూటరు కూడా గుటుక్కుమంది. మరిది వచ్చి దాని పొట్ట విప్పి, లోపలి డిస్కులో ఉన్నదంతా నకలు తీసి దాచాడు. డొక్కును పాతసామాన్లవాడికి ఇచ్చేశారు. లాకు మాత్రం ఆమె సూదులూ దారాలూ ఉండే డబ్బాలో పడేసింది.

ఇదంతా మళ్ళీ కదిలించింది కూతురు. పశువుల డాక్టరు చదివి, రెండేళ్ళు ఇంకొకరి దగ్గర పనిచేసి, సొంతంగా ఆసుపత్రి పెట్టుకుంటోంది. రెండు గదులు, ముందు చిన్న వరండా.

"అమ్మా, బోర్డు నాన్న అక్షరాలతో వేయిద్దామా? ఫ్లెక్సు కాదు, పెయింటుతోనే" అంది ఒక ఉదయం, తల దువ్వుకుంటూ, మామూలుగా.

కంపోజిటరమ్మ చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. "అవెక్కడున్నాయే ఇంకా?"

"బాబాయ్ నకలు తీశాడుగా. ఏమైనా చెయ్యొచ్చేమో అడుగు. కుదరకపోతే ఏదో ఒక అక్షరం పెట్టేద్దాంలే. నువ్వు దీన్ని నెత్తిన పెట్టుకోకు."

అప్పటికే పెట్టుకుంది.

*

మరిది ఒక కాలేజీలో కంప్యూటర్ల లాబు చూసుకుంటాడు. మనిషి సన్నం, మాట జోరు. అన్న పోయాక ఆ ఇంటికి రావడం తగ్గించలేదు. రాగానే ఏదో ఒకటి రిపేరు చేస్తేగాని టీ తాగడు. విషయం విని గడ్డం గోక్కున్నాడు.

"డిస్కు నకలు భద్రంగా ఉంది వదినా. దాన్ని నడిపే కంప్యూటరే లేదు. ఇప్పటి కంప్యూటర్లకి ఆ పాత విండోసు చూపిస్తే ఎవరు నువ్వు అంటాయి."

"మరెట్టా?"

"కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరు పెట్టాలి. వర్చువల్ అంటారు. అంటే నిజంగా ఉండదు, ఉన్నట్టు నటిస్తుంది. లోపలున్న పాత విండోసు తనది సొంతిల్లనుకుని కాళ్ళు చాపుకుని బతుకుతుంది. అద్దె కొంపని దానికి తెలీదు."

"మోసం కాదూ?"

"ఎవరికీ నష్టం లేని మోసంలే. ఆ నటించే సాఫ్టువేర్లు చాలా ఉన్నాయి. ఏది మనకి పనికొస్తుందో చూడాలి. అదే అసలు పని."

ఆ ఆదివారమే ఒక పాత డెస్కుటాపు ఆటోలో వేసుకుని దిగాడు. లాబులో తీసి పక్కన పెట్టిన వాటిలోది. దాని వెనక ఇరవై అయిదు చిల్లులున్న పొడుగాటి సాకెట్ ఉంది. లాకు దూరేది దాంట్లోనే. ఇప్పటి కంప్యూటర్లకు అది ఉండటం లేదు. బోర్డులాయన టేబులు మీదే దాన్ని పెట్టారు. తొమ్మిదేళ్ళుగా ఆ టేబులు మీద ఇస్త్రీ బట్టలు తప్ప ఇంకేవీ లేవు. బట్టలు తీసి మంచం మీద పెడుతుంటే, చెక్క మీద ఆయన మోచెయ్యి ఆనే చోట పాలిష్ పోయిన మచ్చ కనిపించింది. ఆమె దాని మీద గుడ్డ వెయ్యబోయి, ఊరుకుంది.

మరిది మొదట పెట్టింది అందరూ వాడే ఉచిత సాఫ్టువేరు. పాత విండోసు లేచింది, కానీ పదహారు రంగుల్లో, పచ్చకామెర్లొచ్చినట్టు. మౌసు కదిపితే కాసేపాగి కదిలింది. ప్రోగ్రాం నొక్కితే, "లాక్ కనిపించలేదు" అని పెట్టె ఒకటి తెరమీదికొచ్చింది.

"ఇది లోపలివాడికి బయటి సాకెట్ చూపించట్లేదు" అన్నాడు మరిది. "ఇంట్లో పెట్టి తలుపేసింది."

రెండోది పెద్ద కంపెనీ సాఫ్టువేరు. రంగులు దివ్యంగా ఉన్నాయి, మౌసు జారిపోయింది. సెట్టింగుల్లో వెతికి వెతికి మరిది నిట్టూర్చాడు. ఆ సాకెట్ సౌకర్యం ఇదివరకు ఉండేదట. ఎవరూ వాడటం లేదని కొత్త వాటిలో తీసేశారు.

"మనం వాడుతున్నాంగా?" అంది ఆమె.

"మనల్ని లెక్కపెట్టలేదు వదినా."

తర్వాతి ఆదివారం మూడోది తెచ్చాడు. అది పాత కంప్యూటరును చిప్పు చిప్పుగా, స్క్రూ స్క్రూగా అనుకరించే రకం. మరిది దానికి నత్త అని పేరు పెట్టాడు. విండోసు లేచేలోపు ఇద్దరూ టీలు తాగి, గ్లాసులు కడిగి, కూతురి ఆసుపత్రికి పరదాలు ఏ రంగు బావుంటాయో మాట్లాడుకున్నారు. చివరికి లేచింది. రంగులు సరిగ్గా ఉన్నాయి. ఉన్నట్టుండి స్పీకర్లోంచి పాత విండోసు మొదలయ్యే సంగీతం వచ్చింది. నాలుగే నాలుగు స్వరాలు, మంచులో జారినట్టు.

ఆమె వంటగది గుమ్మంలో ఆగిపోయింది. నాలుగేళ్ళపాటు రోజూ ఉదయం తొమ్మిదిన్నరకు, తను ప్రెస్సుకు బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే, ముందు గదిలోంచి వచ్చే సంగీతం అది. ఆయన పనిలో కూర్చున్నాడని దాని అర్థం. ఆ తర్వాత "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు" అనే మాట వచ్చేది. ఇప్పుడు సంగీతం ఆగింది. ఆమె చెవులు ఇంకాస్తసేపు కాచుకుని ఉన్నాయి. లోపలి గదిలోంచి కూతురు వచ్చి, తల్లి ముఖం చూసి, పక్కన నిలబడింది.

"ఇంకోసారి వినిపించు బాబాయ్" అంది.

నత్తను మళ్ళీ మొదలుపెట్టించాలంటే ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలూ కూర్చున్నారు.

కానీ నత్తకూ లాకు అంటలేదు. అనుకరించిన సాకెట్ ఉంది కానీ, దానికి బయటి అసలు సాకెట్‌తో సంబంధం లేదు. మరిది కుర్చీలో వెనక్కి వాలాడు. "బొమ్మ తలుపు గీసి గడియ పెట్టినట్టుంది" అన్నాడు.

కూతురు మెల్లగా అంది. "పోనీలే అమ్మా. నాన్న రాసిన పాత బోర్డు ఏదైనా ఉంటే ఫొటో తీసి..."

"ఎక్కడుందే? ఉన్నవన్నీ ఫ్లెక్సుల కింద పోయాయి" అంది తల్లి, కొంచెం గట్టిగానే. తర్వాత తనకే సిగ్గేసి, కూతురి జడ సర్దింది.

ఆమెకు కావలసింది బోర్డు ఒక్కటే కాదని ఆమెకూ తెలుసు. ఆ రాతను తెరమీద మళ్ళీ ఒకసారి చూడాలి. ప్రెస్సులో రోజుకు పది రకాల అక్షరాలు కళ్ళముందు తిరుగుతాయి, వాటిలో ఆయనది ఒక్కటీ లేదు. ఆయన గొంతు ఎలా ఉండేదో ఈ మధ్య సరిగ్గా గుర్తురావడం లేదు. అక్షరాలు అయినా గుర్తున్నాయా అని కళ్ళు మూసుకుని చూసుకుంటే, క వచ్చింది, ర వచ్చింది, శ దగ్గర అంతా అలుక్కుపోయింది. ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు.

*

బుధవారం మధ్యాహ్నం మరిది ప్రెస్సుకు ఫోను చేశాడు.

"వదినా, దొరికింది! ఆ పెద్ద కంపెనీదే, పాతది. సాకెట్ సౌకర్యం తీసెయ్యకముందుది. ఇప్పుడది వాళ్ళ దగ్గర కూడా దొరకదు. మా లాబు బీరువాలో సీడీ ఉంది, అడుగున. మీద ఎవరిదో టిఫిను డబ్బా మూత కూడా ఉంది."

"పనిచేస్తుందంటావా?"

"పాతదాన్ని నడపడానికి పాతదే కావాలి. ముందే తోచాల్సింది."

ఆ ఆదివారం తొందరగానే వచ్చాడు. సీడీ వేశాడు, డిస్కు నకలు తగిలించాడు. ఆమె సూదుల డబ్బాలోంచి లాకు తెచ్చి ఇచ్చింది. దాన్ని వెనక బిగించి, సెట్టింగుల్లో ఏదో రాసి, మొదలుపెట్టాడు. సంగీతం వచ్చింది. ప్రోగ్రాం నొక్కాడు. ఈసారి లాకు గురించి అడగలేదు. "గడువు ముగిసింది" అంది.

మరిది తల పట్టుకుని, మరుక్షణం నవ్వాడు. "అన్నయ్య పోయిన మరుసటి ఏడాదితో దీని గడువు అయిపోయింది. కంపెనీ మూతపడకపోతే పొడిగించేవాళ్ళు. ఏం ఫరవాలేదు. లోపలి కంప్యూటరుకి తేదీ వెనక్కి పెడదాం. ఇంకోటయితే బయటి గడియారం చూసి మళ్ళీ సరిచేసేస్తుంది. ఈ పాతదాంట్లో ఒక్క లైను రాస్తే చాలు, ఎప్పుడు తెరిచినా అదే రోజు నుంచి మొదలవుతుంది." కీబోర్డు మీద వేళ్ళు పెట్టి ఆగాడు. "ఏ తేదీ పెట్టమంటావు?"

ఆమె ఇలాంటి ప్రశ్న ఒకటి వస్తుందని అనుకోలేదు. ఏ రోజైనా పెట్టుకోవచ్చు. ఆయన ఉన్న రోజు ఏదైనా.

"జులై పద్నాలుగు" అంది. "ఆయన పోయిన ముందటేడు."

"ఏంటా రోజు విశేషం?"

"ఏం లేదు. ఆదివారం."

విశేషం మర్నాడుంది. ఆ సోమవారం ఇద్దరికీ పెద్ద గొడవ జరిగింది. కారణం చెబితే ఎవరైనా నవ్వుతారు. మ గురించి.

ఆయన మ విశాలంగా గీశాడు, కుడివైపు చెయ్యి చాచినట్టు కొస పొడుగ్గా వదిలాడు. బోర్డు మీద అది చక్కగా ఉంటుంది. పుస్తకంలో కూర్చేసరికి మ తర్వాత ఏ అక్షరం వచ్చినా మధ్యలో సందు పడేది. ఆమె 'మడత' అని కొట్టి చూపించింది.

"చూడండి. మ ఒకచోట, డత ఒకచోట. పన్ను ఊడిన నోరులా ఉంది. కొస తగ్గించి, కుడి పక్క ఖాళీ తగ్గించండి."

"నా మ అంతే. ఒళ్ళు విరుచుకుని కూర్చుంటుంది. ఇరవై ఏళ్ళు బోర్డుల మీద కూర్చుంది, ఎవరూ లే అనలేదు."

"బోర్డు మీద మూడు మాటలుంటాయి. పుస్తకంలో మూడు వేల మ లు వస్తాయి. చదివేవాడి కళ్ళు పోతాయి."

"నీకు సీసం అచ్చుల్లాగా అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడాలి."

"మీకు ఎవరైనా బాగుందంటేనే వినబడుతుంది."

అలా మాట మీద మాట పెరిగింది. చివరికి ఆమె, "ఈ అక్షరాలతో నేను ఒక్క మాట కొట్టను. చచ్చినా కొట్టను" అంది. ఆయన, "నిన్నెవరు కొట్టమన్నారు" అన్నాడు. రెండు రోజులకు మాటలు కలిశాయి. కూరగాయల గురించి, కూతురి హాస్టలు గురించి, మేడమీద నీళ్ళ ట్యాంకు గురించి మాట్లాడుకున్నారు. అక్షరాల గురించి మాత్రం మళ్ళీ ఎత్తలేదు. పంతమంటే ఆమెకు పెద్ద పట్టింపేం లేదు. ఆయనే ఒకసారి రమ్మంటే వెళ్ళి కూర్చునేది. ఆయన రమ్మనలేదు. ఏడు నెలలకు పోయాడు.

మరిది తేదీ రాశాడు. ప్రోగ్రాం తెరుచుకుంది.

*

ఫోల్డర్లు ఆయన పెట్టిన పేర్లతోనే ఉన్నాయి. కొత్తవి. మరీ కొత్తవి. ఇదే ఆఖరు. నిజంగా ఇదే ఆఖరు. కూతురు పకపకా నవ్వింది. మరిది లేచి కుర్చీ వదినకిచ్చాడు.

ఆమె ఆఖరు ఫోల్డరు తెరిచి, ఆ అక్షరాలు ఎంచుకుని, కీబోర్డు మీద చేతులు పెట్టింది. ఏం కొట్టాలో తోచలేదు. వేళ్ళే కొట్టాయి: మడత.

సందు లేదు.

మళ్ళీ కొట్టింది. మగత. మజిలీ. మనసు. మ కొస పొట్టిదయింది, చివర కొంచెం పైకి తిరిగి, పక్క అక్షరానికి చోటిచ్చి కూర్చుంది. అందం ఏమీ పోలేదు. నిజం చెప్పాలంటే ఇదివరకటికన్నా బాగుంది.

"ఇదెప్పుడు మార్చారు?" అంది, ఎవరినీ అడగనట్టుగా.

మరిది వంగి మౌసు అందుకుని ఫైలు వివరాలు తెరిచాడు. "జులై ఇరవై ఆరు." తర్వాత తెర మూలనున్న తేదీ చూసి నవ్వాడు. "తమాషాగా ఉందే. ఈ కంప్యూటరుకి ఇవాళ పద్నాలుగు. అన్నయ్య దీన్ని ఇంకా మార్చనేలేదు."

ఇరవై ఆరు. గొడవైన పదకొండో రోజు. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆ రోజు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. శుక్రవారం అయి ఉంటుంది. ప్రెస్సుకు వెళ్ళి ఉంటుంది, వచ్చి ఉంటుంది, అన్నం వడ్డించి ఉంటుంది. ఆయన ఏమైనా చెప్పబోయాడా? ముఖంలో ఏమైనా ఉందా? ఏమీ లేదు. మిగతా రోజుల్లో కలిసిపోయిన ఒక రోజు.

"నీతో ఏమైనా అన్నాడా?" అంది మరిదితో.

"అక్షరాల సంగతులు నాతో ఏం చెప్తాడు వదినా, నాకు..." అని ఆగిపోయాడు. ముఖంలో నవ్వు తగ్గింది. "ఒకసారి అడిగాడు. ఒకసారేం, రెండు మూడుసార్లు. 'మీ వదిన ఈ మధ్య నా అక్షరాలతో ఏమైనా కొట్టిందా, నువ్వేమైనా చూశావా' అని. ఏమో అన్నాను. పని గురించి అడుగుతున్నాడనుకున్నా."

కూతురు తల్లి భుజం మీద చెయ్యి వేసింది. ఆమె కదల్లేదు. ఏడు నెలలు ఆయన ఈ టేబులు ముందు కూర్చుని, తను ప్రెస్సు నుంచి వచ్చిన ప్రతి సాయంత్రం, ఇవాళ చూస్తుందేమో, ఇవాళ ఒక్క మాట కొడుతుందేమో అని ఎదురుచూశాడు. చెబితే ఓడిపోయినట్టవుతుందని చెప్పి ఉండడు. లేకపోతే, ఆమే చూసి, ఆమే అనాలనుకుని ఉంటాడు. గుమ్మానికీ ఈ టేబులుకీ నాలుగడుగుల దూరం.

"ఒక్క మాటండీ" అంది తెరవైపు చూస్తూ. "ఒక్కసారి పిలిచి ఉంటే..."

అప్పుడు ఏడ్చింది. చాలాసేపేం కాదు. కొంగుతో ముఖం తుడుచుకుని, "పదండి, బోర్డు మాటలు చూద్దాం" అంది.

*

మూగజీవుల వైద్యశాల. కూతురు అనుకున్న పేరు అది. కొడుతూ వచ్చింది. మూ, గ, జీ, వు, ల. ఒక్కో అక్షరం వచ్చి కూర్చుంటుంటే వీధి మలుపులో తెలిసిన మనిషి ఎదురైనట్టే ఉంది. చివరి శాల లో శ ను ఆమె మరిచిపోయినట్టే లేదు, చూడగానే గుర్తుకొచ్చింది. మధ్యలో ఒక్కటే కుదరలేదు. ద్య దగ్గర ద కింద ఖాళీ చతురస్రం పడింది.

య వత్తు లేదు.

"అది నాన్నకి ఎప్పుడూ కుదరలేదు" అంది ఆమె. "గియ్యడం, చెరపడం. వంకాయ తొడిమలా వస్తోందని విసుక్కునేవారు."

"పేరు మారిస్తే? పశువుల ఆసుపత్రి అని పెడదాం" అంది కూతురు.

ఆమె అదీ కొట్టి చూసింది. త్రి లేదు. ర వత్తు కూడా మిగిలిపోయిన వాటిలోదే. మరిది గట్టిగా నవ్వేశాడు. "అన్నయ్య నీకోసం పని మిగిల్చాడు వదినా."

నవ్వుతూ అన్నదే గానీ, మరిది వెళ్ళాక ఆమె టేబులు దగ్గరే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళలో ఎన్ని కోట్ల అక్షరాలు కూర్చిందో, ఒక్కటీ గీసి ఎరగదు. వారం రోజులు ప్రెస్సు నుంచి రాగానే చెప్పులు విప్పి అక్కడే కూర్చుంది. ఆయన గీసిన య లో కుడివైపు వంపు తీసుకుంది. దాన్ని చిన్నది చేస్తే సన్నగిల్లి, జ్వరమొచ్చి లేచినట్టుంది. లావు చేస్తే ద ను తన్నేస్తోంది. ఆయన గీసిన వత్తులన్నీ పెద్దవి చేసి చూసింది. ఒక్కోదానిలో కుంచె ఎక్కడ ఆనిందో, ఎక్కడ మణికట్టు తిప్పాడో, ఎక్కడ ఊపిరి బిగబట్టి లాగాడో చూస్తూ చూస్తూ గంటలు గడిచిపోయేవి. కాపురం చేసిన ఇరవై మూడేళ్ళలో ఆయన చేతిని ఇంత దగ్గరగా చూడలేదనిపించింది. "ఇక్కడెందుకిట్లా తిప్పారు?" అని పైకే అడిగేసి, జవాబు రాక మౌసు వదిలేసిన సందర్భాలున్నాయి.

ఆమె ఎప్పుడు తెరిచినా లోపల జులై పద్నాలుగే, ఆదివారమే. ఆ ఆదివారం ఇద్దరూ ఏం చేశారో ఆమెకు కొంచెం గుర్తుంది. ఆయన కుర్చీకి విరిగిన కోడు బిగించాడు, తను పట్టుకుంది. అంతే. ఆ రోజు అలా పట్టుకుని ఉండిపోవాలనిపించేది.

శనివారానికి య వత్తు ఒకటి తయారైంది. ఆయనది కాదు. ఆయనకు దూరం చుట్టం అనిపించేలా ఉంది.

మరిది వచ్చి చూసి, బోర్డు మాటల్ని బొమ్మగా మార్చి ప్రెస్సులో ప్రింటు తీసుకునేలా చేసిచ్చాడు. తర్వాత చేతులు దులుపుకుంటూ అన్నాడు. "ఇప్పుడు అసలు మాట. ఈ గీతలన్నీ బయటికి తీసి కొత్త ఫాంటుగా మార్చేస్తా. ఏ కంప్యూటరులోనైనా కొట్టుకోవచ్చు. ఇంక ఈ లాకూ, ఈ డొక్కూ, ఈ సర్కసూ అక్కర్లేదు."

మార్చడం మంచిదే. లాకు ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఆ అక్షరాలతో పుస్తకం అచ్చయితే ఆయనకు అంతకన్నా కావలసిందేముంది. కంపోజిటరుగా ఆమె మొదట అడగాల్సింది అదే.

"మార్చు" అంది. "మార్చి, ప్రెస్సులో నా కంప్యూటరులో పెట్టు. రేపొచ్చే పద్యాల పుస్తకం వాటితోనే కూరుస్తా. కానీ ఇది తీసుకుపోకు. ఇక్కడే ఉండనీ."

"ఎందుకు వదినా?"

"ఇంకా పది వత్తులు మిగిలున్నాయి."

మరిది తలూపాడు. డెస్కుటాపు లాబు లెక్కలోంచి ఎలా తప్పించాలో తను చూసుకుంటానన్నాడు.

*

బోర్డు రాయడానికి వచ్చిన పెయింటరు బోర్డులాయన ఈడువాడే. ఒకప్పుడు ఇద్దరూ ఒకే నిచ్చెన పంచుకున్నవాళ్ళు. ఇప్పుడు ఇళ్ళకు సున్నాలు వేస్తున్నాడు. రేకు మీద ప్రింటు పరిచి, వేలితో అక్షరాల వెంట నడిచాడు.

"ఆయన చెయ్యే" అన్నాడు. వేలు ద్య దగ్గర ఆగింది. "ఇది కాదు."

"అది నాదండీ" అంది కంపోజిటరమ్మ.

"కొంచెం వణికింది. నేను సరిచేసి వెయ్యనా?"

ఆమె కూతురి వైపు చూసింది. కూతురు తల అడ్డంగా ఊపింది.

"వద్దండీ. ఎట్లా ఉందో అట్లాగే వెయ్యండి."

రెండు రోజుల్లో బోర్డు ఎక్కింది. తెల్ల రేకు మీద ముదురు నీలం అక్షరాలు. ఉదయం ఎండ దాని మీద పడుతోంది. పెయింటరు నిచ్చెన దిగి కిరసనాయిల్లో కుంచెలు కడుగుతున్నాడు. ఆమె రోడ్డుకు అవతల నిలబడి చూసింది. మూ పక్కన గ ఒద్దికగా కూర్చుంది. ఎవరితోనైనా చెప్పాలనిపించింది. చెప్పాల్సినవాడు ఒక్కడే. ఆ ఒక్కడికి చెప్పాల్సిన మాట తొమ్మిదేళ్ళు ఆలస్యంగా నోటిదాకా వచ్చి నిలబడింది. మింగలేక, రోడ్డు దాటి పెయింటరు దగ్గరికి వెళ్ళింది.

"మ బాగా కుదిరిందండీ" అంది.

"నాదేముందమ్మా, గీత మీద గీత" అన్నాడాయన కుంచె పిండుతూ. "అప్పట్లో ఆయన మ ఇంకా వెడల్పుగా ఉండేది. ఇదే బాగుంది."

ఆమె మళ్ళీ బోర్డు వైపు తిరిగింది. ఇంతలో ఆటో ఒకటి వచ్చి వరండా ముందు ఆగింది. ఒకావిడ గోనెసంచిలో చుట్టిన మేకపిల్లను ఎత్తుకుని దిగింది. దాని ముందుకాలు వేలాడుతోంది. లోపలినుంచి కూతురు కేకేసింది.

"అమ్మా! చేతులు కడుక్కుని రా. పట్టుకునేవాళ్ళు కావాలి."

ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని లోపలికి నడిచింది. బల్ల మీద మేకపిల్ల తలను రెండు చేతుల్లోకి తీసుకుంది. అది ఒక్కసారి అరిచి, ఆమె అరచేతిలో ముక్కు దూర్చి, వెచ్చగా ఊపిరి వదలసాగింది.